మిస్సింగ్ కొట్టే పాత కారు

మా ఆయన పోయాక కొన్నాళ్లకు కారు అమ్మకానికి పెట్టాను. చాపాడు నుంచి ఒక మనిషి చూడడానికి వచ్చాడు. బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, కాసేపు చెవి పెట్టి విన్నాడు.

"ఏమ్మా, ఇంత పాత బండి, మిస్సింగ్ ఏమన్నా కొడతాందా?"

"ఒకప్పుడు కొట్టేది."

"ఎవురు బాగు చేసినారు?"

"మా ఆయనే."

"శానా బాగా చేసినాడే," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు మాత్రం తలెత్తి అతని ముఖం చూడాలనిపించలేదు.

మేమిద్దరం ప్రొద్దుటూరులో టీచర్లం. ఆ కారు కొన్నప్పటికే దాని వయసు అయిపోయింది. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచేది. వేడెక్కాక మిస్సింగ్ కొట్టేది, అంటే ఇంజను లయ తప్పేది, ఎత్తు ఎక్కలేకపోయేది, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే సైలెన్సర్ ఢామ్మని పేలేది. ఆదివారం చర్చి ముందు అట్లా పేలితే నేను పక్కకు చూస్తూ దిగేదాన్ని. ఊళ్లో అది నామోషీ, అంతే.

మా ఆయన చెల్లెలిని జమ్మలమడుగు దాటి పులివెందుల వైపు పోయే దారిలో ఒక ఊరికి ఇచ్చారు. ఆ ఊరు రెండు పార్టీలు. ఆమె భర్త పెద్ద మనిషేమీ కాదు. తండ్రి ఏ నాయకుడి వెంట తిరిగాడో ఇతనూ ఆ నాయకుడి వెంటే తిరిగాడు. ఒకరోజు పొద్దున చేని గట్టు మీద అవతలి పార్టీ వాళ్లు బాంబులు వేసి చంపారు. వెనకే సద్ది పట్టుకుని వస్తున్న మా ఆడబిడ్డ అంతా చూసింది. సాక్షుల్లో చివరకు మిగిలింది ఆమె ఒక్కతే.

ప్రొద్దుటూరు కోర్టులో విచారణ పడింది. నాయకుడి జీపులో వస్తే, నేర్పించిన మాటలు చెబుతోందని అవతలి వకీలు అంటాడు. బస్సులో వస్తే ఆ బస్సే ఎక్కేవాళ్లు అవతలి వైపూ ఉంటారు. ఎవరి తరపూ కాని బండి మాదొక్కటే. ఆ సంగతి మాట్లాడడానికే ముందుగా ఒకరోజు వాళ్ల ఊరికి వెళ్లాం.

వాళ్ల వీధి మలుపులో ఆయన యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు. కారు పేలింది.

వీధిలో తలుపులన్నీ ఒక్కసారిగా మూసుకున్నాయి. మిద్దె మీదున్న మనిషి బోర్లా పడుకున్నాడు. ఎక్కడి నుంచో రాయి వచ్చి తగిలి హెడ్‌లైటు పగిలింది. ఇంకెవరో కారు వెనక పొగ చూసి, "థూ, సైలెన్సరప్పా!" అని అరిచాడు. జనం బయటికి వచ్చి నవ్వడం మొదలుపెట్టారు. పోయిన ప్రాణం తిరిగొచ్చిన వాళ్లు నవ్వే నవ్వు.

"ఏం సారూ, పెట్రోలు పోసినావా, బాంబుల మందు కూరినావా?"

"ఇంగ మాకు కాపలా ఎందుకప్పా, ఈ సారును ఈడ్నే పెట్టుకుంటే సాలు!"

ఆయన ఒక్కొక్కరి దగ్గరికి పోయి క్షమించమని అడుగుతున్నాడు. నేను ఇంట్లోకి వెళ్లాను. ఆడబిడ్డ వడ్ల బస్తాల వెనక పిల్లలిద్దరినీ కింద వేసుకుని ముడుచుకుని ఉంది. చీర తడిసిపోయింది. లేపి, స్నానాల గదికి తీసుకుపోయి నీళ్లు పోశాను. బయట నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

"వదినా, అన్నకు చెప్పొద్దు," అంది.

నేను చెప్పలేదు. అప్పటికే ఆయన వాకిట్లో నిలబడి తడిసిన నేలను చూస్తున్నాడు.

బయల్దేరేటప్పుడు ఆమె అంది: "కోర్టుకు వస్తానన్నా. ఆ కార్లో మాత్రం రాను. అది పేలేదాకా ఎదురు చూస్తా కూర్చోల్యాను."

షెడ్డులో ఇచ్చి బాగు చేయించేంత డబ్బు మా దగ్గర లేదు. ఉన్నా ఇవ్వగలిగేవాళ్లం కాదేమో. ఆ రోజుల్లో మెకానిక్కు షెడ్డుకు కూడా ఒక పార్టీ ఉండేది. ఎవరి షెడ్డులో బండి నిలిస్తే వాళ్ల మనిషి కింద లెక్క. అందుకని ఆయన మా వాకిట్లోనే మొదలుపెట్టాడు.

ఇంజను నడుస్తుండగా చేతికి గుడ్డ చుట్టుకుని ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే లాగేవాడు. వైరు తీస్తే ఇంజను తడబడిందంటే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టే. మూడో దాని వైరు తీసినా ఇంజనుకు ఏమీ కాలేదు. అది అప్పటికే చచ్చిపోయి ఉంది. దాని ప్లగ్గు నల్లగా, పెట్రోలుతో తడిగా ఉంది. గరుకు కాగితంతో రుద్ది, పక్క సిలిండర్ ప్లగ్గుతో మార్చి చూశాడు. జబ్బు ప్లగ్గుతోపాటు పక్కకు పోలేదు, మూడోదాంట్లోనే ఉంది. వైరు మార్చాడు, అప్పుడూ అంతే. ఇక మిగిలింది వైర్లన్నీ బయల్దేరే డిస్ట్రిబ్యూటర్ టోపీ.

పాత టోపీ ఒకటి దొరుకుతుందేమోనని పులివెందులలో పాత సామాన్ల అంగడికి వెళ్లాడు. అంగడతను అడిగాడట: "ఎవురి తరపు బండి సారూ?"

"ఎవరి తరపూ కాదప్పా. టీచర్ని."

"తరపు ల్యాకుంటే ఈడ స్పేర్ పార్టు గూడ దొరకదు సారూ," అని నవ్వి, టీ తాగించి పంపాడట.

తిరిగొచ్చి ఉన్న టోపీనే ఎండలో అటూ ఇటూ తిప్పుతూ చూశాడు. లోపల వెంట్రుకంత నల్లటి గీత ఉంది. వేడెక్కినప్పుడు నిప్పురవ్వ ప్లగ్గుకు పోకుండా ఆ గీత వెంబడి దారి తప్పుతోంది. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి అక్కడ పేలుతోంది. బ్లేడుతో గీతను గీకేసి, దాని మీద గోళ్ల రంగు పూశాడు. నా దగ్గర గోళ్ల రంగు ఎప్పుడూ లేదు. పక్కింటి అమ్మాయిని అడిగి తెచ్చాను. ఆ తర్వాత చాపాడు దాకా పోయి వచ్చాం. కారు ఒక్కసారి కూడా లయ తప్పలేదు. ఆ రోజు ఆయన కడుపు నిండా తిన్నాడు.

విచారణ రోజు ఆడబిడ్డ గడపలో నిలబడి ఇంజను చప్పుడు చాలాసేపు విన్నాకే ఎక్కింది. జమ్మలమడుగు ఇంకా రాకముందు, అటూ ఇటూ పత్తి చేలు తప్ప మనిషి లేని చోట అంది:

"అన్నా, ఒకసారి పేలిపిచ్చు."

"ఏందమ్మా?"

"ఆ పొద్దు సప్పుడు ఎట్లుండె, యాడుండి వింటివి అని అడుగుతారు. ఈడ ఇనల్యాకపోతే ఆడ ఎట్ల చెప్తా?"

ఆయన అద్దంలో నా వైపు చూశాడు. నడుస్తున్న బండి తాళం ఆపి, కాలు తొక్కి పట్టి, మళ్లీ తాళం తిప్పితే పేలుతుంది. అది ఆయనకు తెలుసు. పేలింది. ఆమె నా ఒళ్లో పడిపోయింది.

"ఇంగోసారి," అంది తల ఎత్తకుండానే.

రెండోసారి సీటు పట్టుకుని నిటారుగా కూర్చుంది. "సాలు. పోనీ."

కోర్టు ఆవరణలో మా ఆడబిడ్డ వాళ్ల నాయకుడి మనిషి ఒకతను సోడా పట్టుకుని ఎదురొచ్చాడు. ఆమె భర్త పాడె మోసినవాళ్లలో అతనూ ఒకడు. ఎన్నికలు దగ్గరపడి, ఇద్దరు నాయకులూ ఒకే జెండా కిందికి చేరారని పేపర్లో మేమూ చదివాం. చదివి పక్కన పెట్టాం.

"తాగమ్మా, ఎండకొచ్చినావు," అన్నాడు. "ఇప్పుడు మనమంతా ఒకటే పార్టీ. పెద్దాయన రాజీ అయిపోయినాడు. నువ్వు యా పేరూ సెప్పే పనిల్యా."

"చెప్పడం చెప్పకపోవడం ఆమె ఇష్టం," అన్నాడు మా ఆయన.

"ఆమె ఇష్టమే సారూ, ఎవురు కాదన్న్యారు? సాయంత్రానికి మీరు మీ ఇంట్లో ఉంటారు. ఆమె, పిల్లోళ్లు యాడుంటారో అది సెప్పండి."

మా ఆయన నా వైపు చూశాడు, నేను ఆ సోడా వైపు చూశాను. ఆమె మమ్మల్ని ఒకసారి చూసి సోడా తీసుకుంది.

బోనులో ఆమె అడ్డకర్ర పట్టుకుని నిటారుగా నిలబడింది.

"సప్పుడు విన్యా సార్. ఎవురిదో కారు సైలెన్సర్ కొట్టిందనుకుంటి. సద్ది కట్టుకుంటా ఇంట్లోనే ఉంటి. ఎవురినీ సూడల్యా."

బాంబు చప్పుడుకీ కారు చప్పుడుకీ తేడా తెలియదా అని సర్కారు వకీలు అడిగాడు.

"తెలీదు సార్. మా అన్న కారు గూడ అట్లే పేల్తాది. మా వీధంతా విన్యారు."

వెనక ఎవరో నవ్వారు. మా ఆయన తల దించుకుని తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో నల్లటి మసి, ఒక వేలి మీద ఎర్ర రంగు మరక ఇంకా పోలేదు.

తిరుగు దారిలో ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. వాళ్ల వీధిలోకి పోయినా ఒక్క తలుపూ మూసుకోలేదు, ఎవరూ తిరిగి చూడలేదు.

దిగుతూ ఆమె, "బండి బాగయిందిలే అన్నా," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు.

ఆ తర్వాత ఆయన చెల్లెలి దగ్గరికి పోవాల్సి వచ్చినప్పుడల్లా బస్సులోనే పోయేవాడు.