నాలుగు అడుగుల బావి

ఉదయం ఐదున్నరకు కళ్యాణదుర్గంలో బస్సెక్కేటప్పటికే నాకు భయం మొదలైంది. మా చెల్లెలు సరళ మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడిలో లెక్కలు చెబుతోంది. ఇంకో రెండేళ్ళు అక్కడే ఉంటానని రాసింది. ఆ చోటేమిటో చూడకుండా సరే అనలేక, మార్చిలో బయలుదేరాను. పక్కసీటు పెద్దాయన విని నోరు తెరిచాడు.

"సముద్రం నడిమధ్యనా? అల లేస్తే యాడికి పరిగెత్తేదప్పా?"

బెంగళూరు మీదుగా తిరువనంతపురం దాకా రెండు రైళ్ళలోనూ ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

అక్కడినుంచి మాల్దీవుల రాజధాని మాలేకు విమానంలో గంట ప్రయాణం. వీసా ముందుగా అక్కర్లేదు, దిగగానే ముద్ర కొడతారు. చిన్న దీవుల్లో ఎవరింట్లోనైనా ఉండాలంటే మాత్రం వాళ్ళు ముందే అనుమతి తీసుకోవాలి, సరళ తీసుకుంది. దేశంలో వెయ్యికి పైగా దీవులున్నా జనం ఉండేవి రెండు వందలే. అందరూ ముస్లింలు, మాట దివేహి, సెలవు శుక్రవారం, అన్నంలోకి చేపల చారు. మాలే నుంచి పడవలో ఐదు గంటలు. అంచు పట్టుకుని కూర్చున్న నా వేళ్ళు దిగాక కూడా విచ్చుకోలేదు. ఆ దీవిలో ఎక్కడ చూసినా సముద్రం కన్నా నా ఎత్తుకు మించి పైకున్న నేల లేదు.

సరళ ఉండే ఇంటి యజమానురాలు ఖదీజా. భర్త చేపల పడవ మీద పోతాడు. నలుగురు పిల్లలు, చిన్నది చంటిది. వాన నీళ్ళ తొట్టి అడుగంటింది, మే దాకా వానలు లేవు. మిగిలింది పెరట్లో నాలుగు అడుగుల బావి, అందులో జానెడు నీళ్ళు. కర్రకు కట్టిన డబ్బాతో ఆమె పైపైన తోడుకుంటుంటే నాకు జాలేసింది. మా వైపు నీళ్ళు తగ్గితే లోతు చేయడమొక్కటే తెలుసు. మర్నాడు పదింటికి అందరూ బయటికెళ్ళగానే గడ్డపార పట్టుకుని దిగాను. రెండడుగులు తవ్వేసరికి ఊట మోకాళ్ళకొచ్చింది. మా ఊళ్ళో అయితే కొబ్బరికాయ కొట్టేవాళ్ళం.

మధ్యాహ్నం ఖదీజా ఆ నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. బావి పక్కన కూర్చుండిపోయింది.

"ఎంత పని చేస్తివన్నా!" సరళ తల పట్టుకుంది. "కింద అంతా సముద్రమే. దాని మీద వాన నీళ్ళు పల్చగా తేలుతాంటాయి. ఆ పొరను పొడిచేస్తివి."

సముద్రానికి ఎంత భయపడ్డానో, ఆ క్షణం నా చేతులకు అంతకన్నా ఎక్కువ భయపడ్డాను. తవ్విన ఇసుకంతా మళ్ళీ నింపాం. మూడు రోజులు తెల్లవారగానే వేలు ముంచి నాకి చూశాను. ఉప్పే. వానలు పడితే గాని బాగుపడదట. అప్పటిదాకా పక్కింటి బావే దిక్కు. అదీ నాలుగు అడుగులే, ఇక దాని మీద రెండు కుటుంబాలు.

తిరుగుప్రయాణం రోజు ఖదీజా రేవుకొచ్చి, చంటిదాని కోసం దాచిన వాన నీళ్ళు ఒక సీసా నా చేతిలో పెట్టింది. నేను వెనక్కి జరిగాను.

"సముద్రం మీదికి పోయే మనిషిని మంచినీళ్ళు లేకుండా పంపదంట. తీసుకో అన్నా," అంది సరళ.

విమానానికి పెట్టెలో సర్దాను గాని, దారంతా ఆ మూత తీయలేదు. రెండో రోజు సాయంత్రం నాలుగింటికి అనంతపురంలో కళ్యాణదుర్గం బస్సెక్కాను. దోవ పక్క చేనులో బోరు లారీ దుమ్ము లేపుతోంది.

"ఆర్నూరు అడుగులు పోయినారంట. నీళ్ళు పడేదాకా దింపుతాండారు," అంది పక్కసీటావిడ.

నేల్లోకి దిగుతున్న ఆ గొట్టాన్ని చూసి మొదటిసారి నాకు భయమేసింది. ఆమె గుక్కెడు నీళ్ళడిగింది. సీసా ఇచ్చాను.

"ఎంత తియ్యగా ఉండాయన్నా! ఎన్ని అడుగుల బోరు?"

"బోరువి కావమ్మా. ఒక చంటిబిడ్డవి."

ఆమె తాగడం ఆపి సీసా నా వైపు చాచింది. అందుకోవడానికి నా చెయ్యి లేవలేదు.