ఆ చేప ఎన్నాళ్లు బతికింది

అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో నా పని చేపల గుండెలు చూడడం. పూడిమడకలో చేపలమ్మే మా అమ్మకి ఈ ముక్క చెబితే పడీపడీ నవ్వింది. "గోరంత సేపకి మళ్లీ గుండేటే? కూరకి ఎన్ని కావాలేటి?"

జీబ్రాఫిష్ అంటారు వాటిని. గుడ్డు గాజులా ఉంటుంది. పొద్దున్న పెట్టిన గుడ్డులో మర్నాటికల్లా గుండె కొట్టుకోవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. మొదట తిన్నటి గొట్టం, తర్వాత మెలి తిరిగి గదులు కడుతుంది. ఎప్పుడు తిరగాలో, ఎటు తిరగాలో చెప్పేవి జీన్లు. మేం ఒక జీన్‌ని పనిచేయకుండా ఆపేస్తాం. అప్పుడా గుండె మెలి తిరగదు. దారంలా సాగిపోయి ఊరికే అదురుతూ ఉంటుంది, రక్తం కదలదు.

అక్కనైన నన్ను అప్పా అని పిలిచే మా చెల్లికి ఏడో నెలలో అనకాపల్లిలో స్కాన్ తీసేరు. బిడ్డ గుండెలో ఎడమ పక్క ఎదగలేదన్నారు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు కూడా ఆపరేషన్ చేసినా ఆశ లేదన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెల్లి నా చెయ్యి పట్టుకుంది.

"అప్పా, నీ సేపల్లో ఇలాటివి ఉంటాయా?"

నా బుద్ధి గడ్డి తిని, ఫోన్‌లో వీడియో చూపించేను. దారం గుండె చేపపిల్ల తోకాడిస్తోంది.

"సచ్చిపోలేదా?"

"లేదు. బతికే ఉంది."

అక్కడితో నోరు మూసుకున్నాను. అంత చిన్న ప్రాణానికి మొదటి రోజుల్లో నీళ్లలోని గాలి ఒంటి తోలులోంచే అందుతుందనీ, అందుకే రక్తం తిరక్కపోయినా బతుకుతుందనీ, కాస్త పెరిగేసరికి అది చాలదనీ చెప్పలేదు. వారం తిరక్కుండా డిష్ ఖాళీ చేసేది నేనేనని అసలు చెప్పలేదు.

చెల్లి ముఖం వెలిగిపోయింది. ఇంటికెళ్లి పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టడం మొదలెట్టింది. అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "అలాగెన్నాళ్లు బతుకుద్దే?" నిజం చెప్పేను.

"దానికీ సెప్పీ. ఇప్పుడే ఏడవనీ."

రేపు చెబుతానన్నాను. రేపు రేపంటూనే రెండు నెలలు గడిపేను. పిరికిదాన్ని.

పాప పుట్టింది. గట్టిగా ఏడ్చింది కూడా. సాయంత్రానికి ఒళ్లు నీలంగా మారితే గాజు పెట్టెలో పెట్టేరు. నర్సు వచ్చి, "కాసేపు ఎత్తుకుంటావా అమ్మా?" అని అడిగితే చెల్లి వద్దంది. "ట్యూబులు కదిలిపోతాయండి. నయమయ్యేక ఎలాగూ ఎత్తుకుంటాను కదా." నేను పక్కనే ఉన్నాను. నాలుగో రోజు పాప పోయింది.

పది రోజులకి చెల్లి అడిగింది.

"అప్పా, ఆ సేప ఎన్నాళ్లు బతికింది?"

"ఐదు రోజులు."

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. పొత్తిగుడ్డలు మడతపెడుతూ అంది, "నీకు ముందే తెలుసు. ఒక్క మాట సెప్పుంటే, ఆ నాల్రోజులూ నా ఒళ్లోనే ఉంచుకుందును కదప్పా."