పైచేయి పంచిపెట్టిన పీడీ మేడమ్

మా పీడీ మేడమ్ పోయారన్న కబురు నాకు చెప్పింది మా కాలేజీ వాళ్లు కాదు. రోడ్డు అవతలి కాలేజీ రేసింగ్ టీమ్‌కి ఒకప్పటి కెప్టెన్. చదువుకునే రోజుల్లో అతని ముఖం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. పోయిన వారం పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, మేడమ్ పోయింది. ఛాతీల నొప్పి అన్నదట. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయిందట," అని చెప్పి ఏడ్చాడు. నేను కొంగరకలాన్ దాటి ఆఫీసు బస్సులో వెళుతున్నాను. "నువ్వెక్కడున్నవ్ రా?" అని అడిగాను. "మేడమ్ ఇంటి ముంగట్నే ఉన్న," అన్నాడు. బస్సు ఆపించి దిగి, ఆటో పట్టుకుని వెనక్కి తిరిగాను.

మేడమ్ ఇబ్రహీంపట్నంలో మా ఇంజినీరింగ్ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్, అంటే ఆటలు నేర్పే టీచర్. ఖోఖో ఆవిడ ప్రాణం. నీలం ట్రాక్‌సూట్, జడలో ఏదో ఒక పువ్వు, జేబులో వేయించిన పల్లీలు. కారు నడపడం రాదు. స్కూటీ కూడా, వెనక నుంచి లారీ హారన్ కొడితే చాలు, రోడ్డు పక్కన ఆపేసి దాన్ని పోనిచ్చేవారు. అలాంటి మనిషిని మా రేసింగ్ టీమ్‌కి గురువని చెబితే కొత్తవాళ్లు నన్ను వింతగా చూస్తారు. చూడనీ. మా చుట్టుపక్కల కాలేజీల్లో రేసు కారు కట్టిన పిల్లల్ని ఎవర్నడిగినా ఇదే మాట చెబుతారు. చెప్పుకోవడానికి నాకైతే గర్వంగానే ఉంది.

ఏటా ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక పోటీ ఉంటుంది. ఒక్కరే కూర్చునే చిన్న రేసు కారును పిల్లలే తయారుచేసి, పక్క రాష్ట్రంలోని ట్రాక్ మీద పరుగెత్తించాలి. నేను చేరేనాటికే మా టీమ్‌కి పేరు రావడమూ అయింది, పోవడమూ అయింది. ఒకప్పటి సీనియర్లు కారు బరువు బాగా తగ్గించి కప్పు కొట్టారట. మరుసటి ఏడు అందరూ తేలిక కార్లతోనే వచ్చారు. తర్వాత ఇంజిన్ గుట్టు తెలిసిన సీనియర్ ఒకాయన పుణ్యాన మళ్లీ గెలిచారు. ఆయనకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, గుట్టు కూడా ఆయన వెంటే వెళ్లిపోయింది. మా చేతికి వచ్చేసరికి ఆ ఇంజిన్ పొద్దున స్టార్టయితే సాయంత్రానికి అలిగేది. వరసగా రెండేళ్లు కారు రేసు మధ్యలో ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, ఇకనుంచి ఏటా కప్పు తెస్తేనే కారు కట్టుకునే షెడ్డు మాకు ఉంటుందని, లేకపోతే అక్కడ కాలేజీ బస్సులు పెట్టుకుంటామని చెప్పేశారు. నేను అప్పుడు టీమ్ కెప్టెన్ని, ఇద్దరు డ్రైవర్లలో ఒకదాన్ని. షెడ్డు పోతే కారు పెట్టుకునే చోటు లేదు, కారు లేకపోతే ఇక టీమ్ ఎక్కడిది?

మేడమ్ మా దగ్గరికి సాయం చేద్దామని రాలేదు. తిట్టడానికి వచ్చారు. ఒకరోజు మా కారు అదుపు తప్పి ఆవిడ ఖోఖో కోర్టులో సున్నం గీతల మీదుగా పోయింది. మర్నాడు అక్కడ మ్యాచ్ ఉంది. ఆవిడ కారుకు ఎదురుగా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు.

"కండ్లు కనవడ్తలెవ్వా? పొద్దటి సంది వంగి గీసిన ఈ గీతలు!"

"సారీ మేడమ్, బ్రేకు సరిగ్గ పడ్తలేదు," అన్నాను.

"బ్రేకు పడని బండి నా గ్రౌండ్ల ఎందుకు తిప్పుతున్రు?"

సున్నం డబ్బా మా చేతికిచ్చి గీతలన్నీ మా చేతనే మళ్లీ గీయించారు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు. మళ్లీ ఏం చెడగొడతామోనని పల్లీలు నములుతూ అక్కడే కాపలా కాశారు. మేం డ్రైవర్ మార్పు ప్రాక్టీసు మొదలుపెట్టాం. ఆఖరి పెద్ద రేసులో సగం దూరం అయ్యాక కారు ఆపి, ఒక డ్రైవర్ దిగి రెండో డ్రైవర్ ఎక్కాలి. ఆ సమయం కూడా రేసు లెక్కలోకే వస్తుంది. మా పొడుగు డ్రైవర్ దిగాడు. టీమంతా కారు మీద పడ్డారు. నేను పొట్టిదాన్ని, వీపు వెనక మెత్త ఉంటే తప్ప పెడల్ అందదు. ఆ మెత్త ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. అది దొరికాక చూస్తే బెల్టు నా కిందే ఉంది. మేడమ్ పగలబడి నవ్వారు.

"మీరు రేసుకు పోతున్రా, పెండ్లి బస్సు ఎక్కుతున్రా?"

పొడుగు డ్రైవర్‌కి కోపం వచ్చింది. "మేడమ్, ఇది ఖోఖో కాదు. ఇంజినీరింగు."

"అవ్ బిడ్డా, కనవడ్తనే ఉన్నది."

మర్నాడు ఆవిడ పిల్లలు మ్యాచ్ గెలిచారు. ఆ హుషారులో ఆవిడ నేరుగా మా షెడ్డుకే వచ్చి, చేతులు దులుపుకుని పని మొదలుపెట్టారు. మొదట కారు చుట్టూ సున్నంతో గీత గీసి, పనిలేని వాళ్లందర్నీ దాని అవతలికి పంపేశారు. ఎడమ బెల్టుకి ఒకరు, కుడి బెల్టుకి ఒకరు. నోరు విప్పడానికి వీల్లేదు. ఖోఖోలో తరిమేవాడు కూర్చున్నవాడి వీపు తడతాడు, వాడు లేచి పరుగందుకుంటాడు, తట్టినవాడు వాడి చోట్లో కూర్చుండిపోవాలి. చురుకంతా లేచేవాడిదే అని మేం అనుకునేవాళ్లం. మేడమ్ మాత్రం కళ్లన్నీ మా పొడుగు డ్రైవర్ మీదే పెట్టారు.

"ఎక్కేటోడు ఎట్లనన్న ఉరుకుతడు. దిగెటోడే సుస్తు జేస్తడు. ఇంక జరసేపు ఉంటే బాగుండు అని ఉంటది వానికి."

నిజంగానే వాడు సీట్లో కూర్చునే హెల్మెట్ తీసేవాడు, కారు ఎలా నడిచిందో కథ మొదలుపెట్టేవాడు. ఆవిడ దాన్ని మాన్పించారు. దిగాలి, ఎక్కబోయేవాళ్ల భుజం తట్టాలి, ముఖ్యమైన మాట ఒక్కటుంటే చెప్పాలి, వెంటనే వంగి వాళ్ల బెల్టు పెట్టాలి. వాడు మొదట్లో మొహం మాడ్చుకున్నాడు. కొన్ని వారాలకు వాడి చేతులే అందరికంటే ముందు పనిచేశాయి. ఇంజిన్ మీద నెలలు ఖర్చుపెట్టిన మేము దీని మీద ఒక్క పూట కూడా పెట్టలేదని అప్పుడు తెలిసొచ్చింది.

ఆవిడ కూడా తప్పు చేశారు, అదీ చెప్పాలి. నా మెత్త కోసం ఇంట్లో పాత బొంత కత్తిరించి, ఎలాస్టిక్ వేసి, నా వీపుకే కట్టుకునేలా కుట్టుకొచ్చారు. ఇక వెతుక్కునే పనే లేదని మురిసిపోయారు. పోటీ దగ్గర తనిఖీ చేసే ఆయన దాన్ని వేళ్లతో నలిపి, ఇది నిప్పంటుకునే గుడ్డ, పనికిరాదు అని పక్కన పడేశాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మేడమ్ నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వారు. "మా అమ్మ చేతి బొంతరా ఇది. ఇన్నేండ్లకు పరీక్ష రాసింది, ఫెయిలైంది!" ఆ నవ్వుతోనే మా పాత రేసు సూటు ఒకటి విప్పదీసి, మంటకు తట్టుకునే ఆ గుడ్డతో మెత్త కొత్తగా కుట్టారు. ఈసారి ఆయన ఏమీ అనలేదు.

ఆ ఏడు మా కారు అందరికంటే వేగమైనదేమీ కాదు. మలుపుల్లేని దారిలో మమ్మల్ని చాలామంది దాటిపోయారు. డ్రైవర్ మార్పు దగ్గర మాత్రం, వాళ్లింకా మెత్తలు వెతుక్కుంటుంటే నేను ట్రాక్ మీదికి వచ్చేశాను. కప్పు మాదే. తిరుగు ప్రయాణంలో పెద్ద అంబర్‌పేట్ దగ్గర బస్సు దిగేసరికి అరిచి అరిచి మేడమ్ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే ఛాతీ ఉప్పొంగుతుంది.

మరుసటి ఏడు ఒక ఆదివారం పొద్దున గ్రౌండ్‌కి వెళితే, మా కోర్టు పక్కన రోడ్డు అవతలి కాలేజీ కారు నిలబడి ఉంది. మేడమ్ వాళ్లను గీత అవతలికి పంపుతున్నారు. వాళ్ల డ్రైవర్ దిగుతూ పక్కవాడి భుజం తడుతున్నాడు. నా రక్తం ఉడికిపోయింది.

"మేడమ్, మన దగ్గరున్నది గిదొక్కటే. గిది గూడ వాళ్లకు ఇచ్చేస్తే ఎట్ల? షెడ్డు పోతది మేడమ్!"

"ఇయ్యకుంటే ఏమైతది? పోయినేడు అందరు చూసిన్రు గద. ఈ ఏడు గాకపోతే వచ్చే ఏడు నేర్సుకుంటరు."

"నేర్చుకోనీ. మనమెందుకు నేర్పుడు?"

"పక్కోడు సుస్తుగ ఉంటే నీ ఉరుకుడు గూడ సుస్తయితది. పో, ఇంక ఏం ఉన్నదో దేవులాడు." ఒక గుప్పెడు పల్లీలు నా చేతిలో పోశారు. నేను తినలేదు.

కోపంతోనే దేవులాడాం. పాత సీనియర్ ఇంటికి వెళ్లి బతిమాలి ఇంజిన్ గుట్టు మళ్లీ నేర్చుకున్నాం, ఈసారి జూనియర్లందర్నీ వెంట కూర్చోబెట్టుకుని. బ్రేకులు మొదటినుంచీ విప్పి కట్టాం. ఇద్దరు జూనియర్లకు డ్రైవింగ్ నేర్పాం. మా చరిత్రలోనే మంచి కారు అది. రేసులో అవతలి కాలేజీ, మేము చివరి మలుపు దాకా పక్కపక్కనే వచ్చాం. వాళ్లు వెంట్రుకవాసిలో గెలిచారు. వాళ్ల డ్రైవర్ మార్పు మాకంటే బాగుంది.

షెడ్డు పోయింది. ప్రిన్సిపాల్ గారు అన్నంత పనీ చేశారు. బస్సులు వచ్చి నిలబడ్డ రోజు, మా కారు బయట తాటిపత్రి కింద ఉంది. నేను దాని పక్కన కూర్చుని ఏడుస్తుంటే మేడమ్ తాళాల గుత్తితో వచ్చారు.

"లే. కారు నా స్పోర్ట్స్ రూముల పెట్టుండ్రి."

"అండ్ల జాగ యాడున్నది మేడమ్?"

"సగం ఖాళీ చేసిన. బాల్సు బీరువా మీద పెట్టిన, నెట్లు గోడకు యేలాడదీసిన." గుత్తిలో ఆ గది తాళం వెతికారు. "వాళ్లకు నేర్పినందుకు నాకు రంది లేదు బిడ్డా. షెడ్డు పోయినందుకు ఉన్నది. నేను జేసిందానికి నా రూము గాక ఎవల రూము ఇయ్యాలె?"

నేను అప్పటిదాకా ఆవిడ మీద పెట్టుకున్న కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. వాలీబాల్ నెట్ల మధ్య ఆ కారు మీద మేం ఆనందంగా పనిచేశాం. షాట్‌పుట్ గుండ్లు కారు కిందికి దొర్లుకుంటూ వచ్చేవి, స్పానర్లు క్యారమ్ బోర్డు కింద దొరికేవి. మా టీమ్ ఈనాటికీ ఉందంటే ఆ గది వల్లే. ఆ తర్వాత ఏళ్లలో కొన్నిసార్లు గెలిచింది, ఎక్కువసార్లు ఓడింది. ఒకరు కొత్త టైరు కనిపెడితే ఏడాదిలో అందరి కార్లకూ వచ్చేది. మొనగాడైన డ్రైవర్ వెళ్లిపోతే టీమ్ కుదేలయ్యేది. మేడమ్ మాత్రం ఆదివారాలు ఎవరొస్తే వాళ్లకు నేర్పుతూ పోయారు. నేనిప్పుడు ఎలక్ట్రిక్ బండ్లు పరీక్షించే చోట పనిచేస్తున్నాను. నాకు తెలిసింది కింద పనిచేసేవాళ్లకు చెప్పకుండా దాచుకుందామని ఎప్పుడైనా అనిపిస్తే, ఆవిడ తాళాల గుత్తి పట్టుకుని నిలబడిన తీరు గుర్తొస్తుంది. సిగ్గేస్తుంది, చెప్పేస్తాను.

మేడమ్ పెళ్లి చేసుకోలేదు. తమ్ముడే అన్నీ చూశాడు. నేను వెళ్లేసరికి ఇంటిముందు సందు పట్టనంత మంది పిల్లలు. ఎన్ని కాలేజీల టీమ్ చొక్కాలో! పాడె ఎత్తే వేళ ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలం ముందుకు జరిగితే పెద్దమనిషి ఒకాయన, "ఆడపిల్లలు మోస్తరా?" అన్నాడు. తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ, "మోయనియ్యుండ్రి. మా అక్క సంపాయించుకున్నది వీళ్లనే," అన్నాడు.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. తమ్ముడు చెవి దగ్గర వంగి "అక్కా" అని పిలిచాడు. తర్వాత మా వైపు చూసి, "మీరు గూడ పిలువుండ్రి," అన్నాడు. అందరం పిలిచాం. ఎప్పుడు పిలిచినా "ఏందిరా" అనే మనిషి, పలకలేదు.

మళ్లీ ఎత్తినప్పుడు ముందు కొమ్ము నా భుజం మీద ఉంది. కొంత దూరం వెళ్లాక భుజం మీద చిన్నగా ఒక చెయ్యి తగిలింది. నేనెప్పుడూ చూడని పిల్ల, ఏ కాలేజీయో కూడా తెలీదు. నాకు దిగాలని లేదు. ఇంకా జరసేపు మోద్దామనే ఉంది. కానీ పక్కకు తప్పుకున్నాను. ఆ పిల్ల భుజం నా చోట్లోకి వచ్చింది. వెనక్కి తగ్గి నిలబడి చూశాను. పాడె కింద ఎరుపు చొక్కా పోయి పసుపు వచ్చింది, పసుపు పోయి నీలం వచ్చింది. ఎవరూ నోరు విప్పలేదు. పైన మేడమ్ ఎక్కడా కుదుపు లేకుండా, ఆగకుండా వెళ్లిపోతున్నారు.