కదలని కనుబొమ్మలు

టేకులపల్లిలో మా చర్చి పాటల బృందాన్ని నడిపిన అక్క చేతులు ఎప్పుడూ హార్మోనియం మీదే ఉండేవి. అందుకే మేము ఎక్కడ గొంతు కలపాలో కనుబొమ్మలు పైకెత్తి చెప్పేది. ఏళ్ల తరబడి అలా ఎత్తగా ఎత్తగా నుదుటి మీద మూడు గీతలు పడ్డాయి. ఒక పెళ్లి వీడియోలో వాటిని చూసుకున్నప్పటి నుంచి ఆమెకు మనసు మనసులో లేదు.

ఖమ్మం వెళ్లి ముడతలు పోయే ఇంజెక్షన్లు వేయించుకుంది. మళ్లీ వేయించుకోవాలంటే నాలుగు నెలలైనా ఆగాలని డాక్టరమ్మ చెప్పింది. ఈమె రెండు నెలలకే ఇంకో క్లినిక్కుకు పోయేది.

"గింత గీత కనబడ్డా నాకు పానం ఊకోదే" అనేది నాతో.

బొగ్గుబావిలో పనిచేసే మా బాబాయి చనిపోయినప్పుడు ఇంటి ముందు ప్రార్థన పెట్టారు. ఆమె హార్మోనియం అందుకుంది. మేము ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాం. ఇంజెక్షన్లకు బిగుసుకుపోయిన నుదురు కదల్లేదు. ఎడమ కనురెప్ప సగం వాలిపోయి ఉంది. మళ్లీ మొదటి నుంచి వాయించింది. మేమెవరమూ పాట అందుకోలేకపోయాం. చివరికి ఆమె ఒక్కతే పాడింది.

"ఏందమ్మా, ఆమె మొకంల జర్రంత బాధ గూడ లేదు" అంది దూరంగా కూర్చున్న మా పిన్ని.

దగ్గరున్న నాకు ఆమె కన్నీళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

తిరిగి వస్తుంటే అడిగాను. "అక్కా, ఇగ ఆ ఇంజెక్షన్లు ఆపరాదూ?"

"నేను కనుబొమ్మలు లేపిననే అనుకున్న. మీకు కనబడలేదా?" అంది.

మూడు నెలలకు కనురెప్ప సర్దుకుంది. ఆ వారమే ఆమె మళ్లీ ఖమ్మం బస్సెక్కింది.