ఈరవ్వ ఖాళీగా ఉంచమన్న గడి

మా చిన్నప్పుడు... వంటింటి పక్క గది తలుపు మూసి ఉందంటే ఇల్లంతా గుసగుసలే. లోపల నాయన ఫోటోలు కడుగుతున్నాడన్నమాట! తలుపు సందుల్లో పాత దుప్పట్లు కుక్కి, ఎర్ర బల్బు వేసుకుని... పక్కనే ఊరగాయ జాడీలు, కొర్రల కుండ. ఎవరైనా మరిచిపోయి తలుపు తోస్తారేమోనని అమ్మ గడప మీదే కూర్చుని శనక్కాయలు ఒలిచేది.

అరవైల మొదట్లో సంగతి ఇది. కళ్యాణదుర్గంలో మాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. రీలు కడిగాక నాయన ఆ నెగెటివ్‌లను ఒక కాగితం మీద వరుసగా పరిచి, పైన అద్దం పెట్టి, క్షణం పాటు తెల్ల బల్బు వెలిగించేవాడు. పన్నెండు బొమ్మలూ పన్నెండు గళ్లలో ఒకే కాగితం మీద పడేవి. దాన్నే కాంటాక్టు షీటు అనేవాడు. అది చూసి నచ్చిన బొమ్మను పెద్దది చేయించుకోవాలి... అంతే దాని పని.

అంత మాత్రానికి కూడా మా నాయన దళసరి కాగితమే వాడేవాడు. పట్టుకుంటే అట్టలా నిలబడాలట! లేకపోతే స్టూడియో పరువు పోతుందట!

ఆ పరువును మోసేది మాత్రం మా అమ్మ... నడుం మీద, బిందెలతో. ఎందుకంటే బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపో మందులోంచి తీసిన కాగితాన్ని మంచినీళ్లలో మళ్లీ మళ్లీ కడగాలి. మందు మిగిలితే కొన్నాళ్లకు మొహాలు పసుపెక్కిపోతాయి. దళసరి కాగితం మందు బాగా పీల్చుకుంటుంది, ఓ పట్టాన వదలదు. ఇంటి దగ్గర బావి ఎండిపోయిన కాలం... ఊరి చివర నుంచి తేవాలి నీళ్లు.

ఆ ఏడు వానల్లేవు. ఒకరోజు గొర్రెల కాపరుల ఈరవ్వ, కొడుకులూ కోడళ్లూ మనవళ్లతో స్టూడియో ముందు దిగింది.

"ఏమప్పా, గడ్డి లేక నా కొడుకులు ముగ్గురూ మూడు దిక్కులకు మందలు తోలుకొని పోతాండారు. మళ్లా యాడ కలుస్తామో ఏమో. అందరి మొగాలూ ఒక్క కాగితంలో ఉండాల. రేప్పొద్దున్నే పోయేది!"

నాయన పాత షీటు ఒకటి చూపిస్తే ఈరవ్వకు తెగ నచ్చింది. ఇదే కావాలంది, పెద్ద ఫోటోలు వద్దంది. ఇక చూడండి సందడి... ఒకడు తలపాగా సరిచేసుకుంటాడు, ఒకామె నవ్వు ఆపుకోలేదు, ఒక పిల్లాడు గొర్రెపిల్లను దించనంటే దించనంటాడు. చివరికి దానికీ ఫోటో పడింది!

ఆఖరి బొమ్మ దగ్గర ఈరవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగప్పా. ఆ కడా గడి అట్లే పెట్టు. మా చిన్నకోడలు నీళ్లోసుకోనుండాది. పుట్టేదానికి చోటు ఉండొద్దా?"

నాయన నవ్వి, ఆ ఒక్కటీ తియ్యకుండానే రీలు చుట్టేశాడు.

సాయంత్రం అలవాటు కొద్దీ దళసరి కాగితం పొట్లం అందుకున్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంట్లో ఉండేది ఒక్క బిందె. దీనికి యాడ చాలుతాది? బళ్లారి అంగడి ఆయప్ప శాంపిలని ఇచ్చినాడే పల్చ కాగితం, అది తియ్యి."

"అదా! అగ్గవ ధరకొచ్చే కాగితమే అది. మన గాలికి ఆరంగానే చుట్టుకొని పోతాది, చూడు."

"బిందె మోసేది నేను. కాగితం గూడా నేనే చెప్తా!"

నాయన దళసరి పొట్లం పక్కన పెట్టి పల్చ కాగితం తీశాడు. నిజంగానే ఆ పలుచని కాగితం మందును చప్పున వదిలేసింది. బిందె అడుగున మేము తాగడానికి కూడా నీళ్లు మిగిలాయి.

తెల్లారి చూస్తే... నాయన అన్నంతా అయింది. షీటు బీడీలా చుట్టుకుని పడి ఉంది! విప్పితే మళ్లీ చుట్టుకుంటుంది. "చూసినావా?" అన్నాడు నాయన. అమ్మ ముఖం చిన్నబోయింది. నాకైతే ఏడుపే తక్కువ... బయట ఈరవ్వ వచ్చేసింది మరి.

అమ్మ బెరుకుగా అందించింది. ఈరవ్వ విప్పి, ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి, పేరుపేరునా పిలిచింది. బొమ్మ తియ్యనందుకు నల్లగా పడిన ఆఖరి గడి మీదా వేలు పెట్టి నవ్వింది. వదిలేయగానే కాగితం చుట్టుకుపోయింది. ఆమె రొండిన దోపుకున్న వెదురు గొట్టం తీసింది... గొర్రెలకు మందు తాపే గొట్టం, ఇంకా వాడని కొత్తది. షీటు అందులోకి సర్రున దూరిపోయింది!

"మాకు పెట్టెలు యాడుండాయి తల్లీ? చుట్టి ఇచ్చినారు, శానా మంచిదాయ!" అని గొట్టానికి గుడ్డ బిగించి వెళ్లిపోయింది. అప్పుడు అమ్మ నాయన వంక ఒక చూపు చూసింది... అబ్బ, ఆ చూపు!

మరుసటి ఏడు వానలు పడ్డాయి. అదే గొట్టం పట్టుకుని ఈరవ్వ మళ్లీ వచ్చింది. వెనక ముగ్గురు కొడుకులూ ఉన్నారు. చిన్నకోడలి చంకలో బొద్దుగా ఒక ఆడపిల్ల!

"ఏమప్పా, ఈ బిడ్డ చోటు ఈ బిడ్డకు ఇయ్యి."

నాయన ఆ పాప ఫోటో తీసి, అదే పలుచని కాగితం మీద వేసి, గడి కొలతకు కత్తిరించి మైదా జిగురుతో నల్లగడి మీద అతికించాడు. అమ్మ వేలితో తడిమి చూసింది. అతుకు చేతికి తెలియనే లేదు.

"దళసరిదైతే ఉబ్బెత్తుగా ఉండేది లేవే..." అని నాయనే ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కాంటాక్టు షీట్లన్నీ పలుచ కాగితం మీదే.

ఇప్పుడు ఫోటోకు చుక్క నీరు అక్కర్లేదు. ఫోన్లో వేల బొమ్మలు... చోటు చాలకపోతే పాతవాళ్లను చెరిపేస్తున్నాం. ఇంకా పుట్టని బిడ్డకు చోటు ఉంచమని చెయ్యి అడ్డం పెట్టే ఈరవ్వ మాత్రం ఎక్కడా కనిపించదు.

మీ అటక మీద చుట్టుకుపోయిన ఫోటో ఏదైనా ఉందా... మెల్లగా విప్పండి. అందులో ఎవరున్నారో వేలు పెట్టి, పేరుపేరునా మాకూ చెప్పండి.