గుమ్మం పక్కన బండి

చైనాలోని షియాన్ నగరం చూసొచ్చిన వారానికి, డార్మ్‌స్టాట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే రైల్లో కెమెరాలోని ఫొటోలు చూసుకుంటున్నాను. జమీందారీ పోయినా కోటల మీద మమకారం పోని వంశం మాది. మనుషుల అడ్డు లేకుండా అక్కడి కోట గుమ్మాలే తీశాను. పక్కసీటులోని తెలుగమ్మాయి వంగి చూసింది.

"షియాన్ గదా అంకుల్! నేను ఆడనే ఎంబీబీఎస్ చదివిన. ఈ గుమ్మం పక్కన నూడుల్స్ బండి ఆంటీ ఉండాలె, ఏదీ?"

కరోనా ముందు సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల మళ్లీ వెళ్లలేకపోయిందట. "జ్వరమొస్తే గంజి కాచి హాస్టల్‌కు తెచ్చింది అంకుల్. ఆమెకు చెప్పి గూడ రాలే. ఇప్పుడు ఉందో లేదో."

"ఒకావిడ ఉందమ్మా. ఫొటోకు అడ్డమని జరగమన్నాను. బండి తోసుకుని పక్కకు వెళ్లింది."

"జరిగిందా?" అమ్మాయి పకపకా నవ్వింది. "అయితే ఆమె కాదు. పోలీసులు చెప్పినా జరగదు మా ఆంటీ." అంతలోనే నవ్వు ఆగింది. "ముఖం చూసిన్రా?"

"చూడలేదమ్మా."

మా నాన్నగారూ ఎవరు చెప్పినా జరిగే మనిషి కాదు. మా దివాణం వేలానికి వచ్చిన రోజున, కోర్టు అమీను ఒక్కమాట అనగానే సింహద్వారం నుంచి పక్కకు తప్పుకున్నారు.

"నువ్వన్నది నిజమేనమ్మా, ఆవిడై ఉండదు," అన్నాను.