సుభద్ర మేడమ్, తియ్యటి పొగ

నిన్న గిద్దలూరు నుంచి మార్కాపురం వస్తుంటే బస్సులో నా ముందు సీటు కుర్రవాడు కిటికీ వైపు తిరిగి తెల్లటి పొగ వదిలాడు. మాగిన మామిడిపండు వాసన. నల్లమల మీంచి వచ్చే చల్లగాలిలో కలిసి ఆ తీపి నా ముఖాన్ని తాకి పోయింది. కళ్లు మూసుకున్నాను. రెప్పల వెనక సుభద్ర మేడమ్ నిలబడి, ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తున్నారు.

మార్కాపురంలో ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరు. నేను డాక్టరు చదువు ముగించి మొదట చేరింది ఆవిడ దగ్గరే. పలకల గనుల దుమ్ము పీల్చిన వాళ్ల ఛాతీ మీద స్టెతస్కోపు ఆన్చి కళ్లు మూసుకున్నారంటే, దూరంగా ఎక్కడో పడుతున్న వానను ఆలకిస్తున్నట్టుండేది.

ఒక ముసురు రోజున బేస్తవారిపేట నుంచి గొర్రెలు కాచుకునే ఒకాయన, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు హరిని తీసుకొచ్చాడు. మాట పూర్తికాకముందే ఆయాసం. న్యుమోనియా అని వేరేచోట ఇచ్చిన మందులకు జ్వరం దిగలేదు. ఎక్స్‌రేలో రెండు వైపులా మంచు కమ్మినట్టు తెలుపు. సిగరెట్లు తాగుతావా అని నేనడిగితే లేదన్నాడు. మేడమ్ ఆక్సిజన్ పెట్టించి, తండ్రిని టీ తాగి రమ్మని పంపి, మంచం పక్కన కూర్చున్నారు. అతని ఆక్సిజన్ మాస్కు సరిచేస్తూ ఉన్నారు.

“సిగరెట్టు కాదమ్మా,” అన్నాడు హరి చివరికి. “పెన్ను మాదిరి ఉంటది, వేప్ అంటారు, బ్యాటరీతో కాగి పొగొస్తది. ఫ్రెండు ఇచ్చినాడు. దాంట్లో మత్తు నూనె పోసి పీలుస్తాం. నాయనకు చెప్పొద్దు.”

“నేను చెప్పను. ఊపిరి కుదురుకున్నాక నువ్వే చెప్పు.”

ఆ నూనెలో ఏముందని భయంగా అడిగాడు. కల్తీకి కలిపే విటమిన్ ఇ అసిటేట్ మీద అనుమానం ఎక్కువని, ఒంటికి రాసుకుంటే హాని చెయ్యనిదే ఆవిరై లోపలికి పోతే ఊపిరితిత్తులను వాపెక్కించవచ్చని చెప్పారు. రుచికి వేసేవి కావచ్చు, పెన్నులో కాగే తీగ నుంచి వచ్చే లోహమూ కావచ్చు అన్నారు. తర్వాత అతని చెయ్యి పట్టుకున్నారు.

“ఏది చేసిందో నాకు తెలీదు నాయనా. తెలీనంత మాత్రాన నిన్ను వదిలిపెట్టను.”

స్టెరాయిడ్లు మొదలుపెట్టాక జ్వరం మెల్లగా దిగింది. హరి తనే తండ్రికి చెప్పుకున్నాడు. ఆయన తిట్టలేదు. ఆ పెన్ను అడిగి తీసుకుని వాసన చూశాడు. “ఇంత తియ్యగుందేందిరా,” అని, చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. హరి బతికి ఇంటికి పోయాడు. గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఆయాసంతో ఇప్పటికీ మధ్యలో ఆగుతాడట.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ గదిలో నేను కూర్చుంటున్నాను. తెలియదని ఒప్పుకుంటే రోగి నమ్మకం పోతుందని చదువుకునే రోజుల్లో భయపడేదాన్ని. ఇప్పుడు ఆ మాట నిదానంగా చెబుతాను. చెప్పి, లేచి వెళ్లకుండా అక్కడే కూర్చుంటాను.